సూదికి తగిన చెయ్యి

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఒక ఇంట్లో అటక మీద రికార్డుల పెట్టె ఉంటుంది. కొత్తగా ఎల్పీలు కొనుక్కునే ఉత్సాహం ఇంకో ఇంట్లో ఉంటుంది. ఎవరైనా సరే, మంచి ప్లేయరు మీద రికార్డులు వినాలనుకోగానే ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఏ టర్న్‌టేబుల్ కొనాలి? బెల్టుతో తిరిగేదా, మోటారు మీదే పళ్లెం కూర్చునేదా? పళ్లెం ఎన్ని కిలోలు ఉండాలి? ఎంత పెట్టాలి? వీటికి జవాబులు దొరుకుతాయి, డబ్బు కూడా ఖర్చవుతుంది. అయినా చాలా ఇళ్లలో పాట సరిగా పలకదు. కారణం వెతికితే అది పళ్లెం దగ్గర కాకుండా పళ్లెం పక్కన ఉన్న సన్నటి కడ్డీ దగ్గర దొరుకుతుంది. దాన్ని టోన్‌ఆర్మ్ అంటారు, మనం చెయ్యి అందాం. ఆ చెయ్యికీ దాని కొసన సూదిని పట్టుకుని ఉన్న కార్ట్రిడ్జ్‌కీ జోడీ కుదరాలి, కుదిరిన జోడీని కొలిచి బిగించాలి. ఇంటి టర్న్‌టేబుల్‌లో పాట మంచిచెడ్డలను నిర్ణయించేది ఎక్కువగా ఇదేననీ, ధర ఆ తర్వాతి మాటేననీ నా వాదన. మన ఎండలున్న ఊళ్లలో ఈ మాట ఇంకా ఎక్కువ నిజం.

ముందు సూది పని ఏమిటో చూద్దాం. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో తెచ్చిన ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. దాని గాడి వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మామూలు గుండ్రటి సూదిమొన వ్యాసార్ధం 18 మైక్రాన్లు. రికార్డు అంచున గాడి సూది కింద నుంచి సెకనుకు 51 సెంటీమీటర్ల వేగంతో పోతుంది. లోపలి చివరకు వచ్చేసరికి ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. పళ్లెం అదే వేగంతో తిరుగుతుంది, చుట్టు మాత్రం చిన్నదైపోతుంది. అంటే మొదటి పాటకు దొరికిన చోటులో సగం కూడా చివరి పాటకు దొరకదు. అదే స్వరాన్ని అంత ఇరుకులో చెక్కాలి, అంత ఇరుకులో సూది చదవాలి. పక్క చివరకు వచ్చేసరికి గాయకుడి స, శ, ష అక్షరాలు చీలిపోయినట్టు వినిపించడానికి మూలం ఇక్కడే ఉంది. ఈ పని చేసే సూది గాడి మీద మోపే బరువు ఎక్కువ రకాల్లో రెండు గ్రాములకు అటూ ఇటూ. అవుసుల తూకంలో గురిగింజ ఎత్తు దాదాపు 0.12 గ్రాములు కాబట్టి, రెండు గ్రాములంటే పదహారు గురిగింజలు. బరువు మరీ తక్కువైతే సూది గాడిలో నిలవక ఎగురుతుంది. ఎగిరిన ప్రతిసారీ గాడి గోడను కొడుతుంది. బరువు తగ్గిస్తే రికార్డు అరగదని చాలామంది నమ్ముతారు. నిజానికి తక్కువ బరువుతో ఎగిరే సూది రికార్డును సరైన బరువుతో నిలిచిన సూది కంటే ఎక్కువ పాడుచేస్తుంది.

ఇప్పుడు జోడీ సంగతి. కార్ట్రిడ్జ్‌లో సూదిని పట్టుకున్న సన్నపుల్ల రబ్బరు ముక్క మీద ఆడుతుంది. ఆ ఆట ఎంత మెత్తగా ఉందో చెప్పే కొలతను కాంప్లయన్స్ అంటారు. ఆ మెత్తటి స్ప్రింగు మీద చెయ్యి బరువు వేలాడుతోందని ఊహించుకోండి. ఇక్కడ బరువంటే తక్కెడలో పెడితే చూపేది కాదు, సూది కదిలించాల్సి వచ్చే బరువు. బరువూ స్ప్రింగూ కలిసినచోట ఒక సొంత ఊపు పుడుతుంది. ఆ ఊపు సెకనుకు 8 నుంచి 12 సార్ల మధ్య ఉంటే మేలు. అంతకంటే పైకి పోతే, 20 దగ్గర మొదలయ్యే పాటలోని మంద్రానికి అది దగ్గరపడుతుంది. అంతకంటే కిందికి దిగితే వంగిన రికార్డు ఎగుడుదిగుళ్లకూ, గదిలో అడుగుల చప్పుడుకూ చిక్కుతుంది. లెక్క కష్టమేమీ కాదు. చెయ్యి, కార్ట్రిడ్జ్, స్క్రూల బరువులు గ్రాముల్లో కలపాలి, ఆ మొత్తాన్ని కాంప్లయన్స్ అంకెతో గుణించాలి, వర్గమూలం తీయాలి, 159ని దానితో భాగించాలి. చెయ్యి 12 గ్రాములు, కార్ట్రిడ్జ్ 7, స్క్రూలు 1, కాంప్లయన్స్ 20 అనుకుంటే 8 వస్తుంది. బాగానే ఉంది. అదే కార్ట్రిడ్జ్‌ను 25 గ్రాముల బరువైన చెయ్యికి బిగిస్తే 6 చిల్లర వస్తుంది, అది చాలదు. ఇక డెనాన్ డీఎల్-103 వంటి బిగువైన కార్ట్రిడ్జ్ తీసుకోండి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అవసరాల కోసం 1960లలో తయారైన రకం అది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. దానికి బరువైన చెయ్యే కావాలి. ఆరు గ్రాముల తేలికపాటి చేతికి దాన్ని కడితే ఊపు 12 దాటిపోతుంది. ఏది మంచి చెయ్యి అన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదన్నది ఇందుకే. ఒకే కాడి కింద కోడెనూ ముసలెద్దునూ కట్టిన రైతు రెండింటిలో ఏది మంచి ఎద్దని అడగడు, జోడీ కుదరలేదంటాడు.

ఇది అంచనా లెక్కే కదా, రబ్బరు ఊపును కొంత మింగేస్తుంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఒప్పుకుంటాను. ఒక అంకె అటూ ఇటూ అయితే చెవికి తెలియదు. కానీ మన దగ్గర ఈ లెక్కను నిర్లక్ష్యం చేస్తే దెబ్బ ఎక్కువ. ఉమ్మడి నిజామాబాద్ ప్రాంతంలో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలు. ఎల్పీ అంటే ప్లాస్టిక్కే. రేకుల కప్పు కిందా, అటక మీదా, కిటికీ ఎండలోనూ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన రికార్డులు వంగుతాయి. లండన్‌లోనో టోక్యోలోనో వినేవారి సేకరణలో వంగిన రికార్డు అరుదు కావచ్చు, మన సేకరణల్లో అది రోజువారీ సంగతి. పళ్లెం సెకనుకు సగం చుట్టు కంటే కొంచెం ఎక్కువ తిరుగుతుంది. చుట్టుకు ఒక మిట్ట ఉంటే సూదికి అంత ఊపు, మిట్టలు ఎక్కువైనకొద్దీ, వంపు పదునెక్కినకొద్దీ ఆ ఊపు సెకనుకు ఐదారు దాకా పాకుతుంది. జోడీ సొంత ఊపు అక్కడే ఉంటే చెయ్యి గెంతుతుంది, స్పీకరు కోను పాట లేకుండానే లోపలికీ బయటికీ ఊగుతుంది, రాగం తీసినచోట స్వరం వణుకుతుంది. విదేశీ పత్రికల్లో చదివి, మెత్తటి కార్ట్రిడ్జ్‌నూ బరువైన అందమైన చెయ్యినీ కలిపి కొన్నవారికి ఇక్కడ జరిగేది ఇదే. రెండూ గొప్ప వస్తువులే. కలయిక మాత్రం మన వేసవికి పనికిరాదు.

రెండో సంగతి కోణం. రికార్డు తయారుచేసేటప్పుడు చెక్కే యంత్రం అంచు నుంచి నడుముకు తిన్నగా పోతుంది. మన చెయ్యి ఒక మూల మడతబందు మీద తలుపులా తిరుగుతుంది. సూది నడక వంకరగా ఉంటుంది కాబట్టి చాలా చోట్ల అది గాడికి కొద్దిగా అడ్డం తిరిగే ఉంటుంది. ఈ తేడా తగ్గించడానికే చెయ్యి కొసను లోపలికి వంచి, సూదిని పళ్లెం నడుము దాటి కొంచెం ముందుకు బిగిస్తారు. 1938లో లాఫ్‌గ్రెన్, 1941లో బేర్‌వాల్డ్ వేసిన లెక్కల ప్రకారం బిగిస్తే నడుము నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకసారి, 121 దగ్గర ఒకసారి తేడా సున్నా అవుతుంది. 9 అంగుళాల చెయ్యి కంటే 12 అంగుళాలది గొప్పదని వాదించేవారు ఈ కోణాన్నే చూపిస్తారు. వారి మాటలో నిజం ఉంది, కానీ ఎంత నిజమో లెక్కగట్టి చూడాలి. మడతబందు నుంచి సూదికి 230 మిల్లీమీటర్లున్న చెయ్యిని సరిగా బిగిస్తే రికార్డు అంచున తేడా దాదాపు 1.9 డిగ్రీలు. 305 మిల్లీమీటర్ల చెయ్యికి దాదాపు 1.4. అసలు ఇబ్బంది ఉన్న లోపలి గాడుల దగ్గర, నడుము నుంచి 60 మిల్లీమీటర్ల దూరంలో, పొట్టిదానికి 0.8, పొడుగుదానికి 0.6. ఇప్పుడు ఆ పొట్టి చెయ్యికే కార్ట్రిడ్జ్‌ను రెండే రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిపి బిగించండి. లోపలి గాడి దగ్గర తేడా 0.8 నుంచి 2.7కు ఎగబాకుతుంది. అంటే పొడుగు చెయ్యి కొని సంపాదించిన లాభం కంటే దాదాపు పదింతలు, వడ్లగింజ వెడల్పంత పొరపాటుతో పోయింది. పైగా పొడుగు చెయ్యి బరువు కూడా ఎక్కువ. ఇందాకటి ఊపు లెక్కలో అది మెత్తటి కార్ట్రిడ్జ్‌ను ఇంకా కిందికి లాగుతుంది. తిన్నగా జరిగే చేతులు కూడా వచ్చాయి, 1979లో టెక్నిక్స్ ఎస్ఎల్-10 ఆ రకానిదే. కోణం సమస్య వాటికి లేదు. మోటార్లు, సెన్సార్లు ఉన్న ఆ యంత్రం చెడిపోతే మన జిల్లాలో బాగుచేసే చెయ్యి దొరకడం కష్టం కాబట్టి దాన్ని అంతటితో వదిలేస్తున్నాను.

నా వాదనకు బలమైన ఎదురువాదన ఒకటుంది. స్కాట్లాండ్‌లో లిన్ కంపెనీ 1970ల మొదట్లో సోండెక్ ఎల్పీ12 టర్న్‌టేబుల్ తెచ్చి, లోకమంతా స్పీకర్ల గురించి మాట్లాడుతున్న రోజుల్లో, మొదట్లో పోయిన ధ్వనిని తర్వాతి ఏ పరికరమూ తిరిగి తేలేదని చెప్పింది. కాబట్టి ముందు టర్న్‌టేబుల్, తర్వాత చెయ్యి, ఆ తర్వాతే కార్ట్రిడ్జ్ అన్నది వారి వరుస. మొదటి మాట పూర్తిగా నిజం. దాని నుంచి తీసిన వరుస మాత్రం అన్ని ఇళ్లకూ వర్తించదు. 1983లో ఇంగ్లండ్‌కు చెందిన రేగా కంపెనీ ఆర్‌బీ300 అనే చెయ్యిని ఒకే అల్యూమినియం పోతగా, సామాన్యుడికి అందే ధరలో తెచ్చింది. అంతకు ఎన్నో రెట్లు ధర పలికే చేతుల పక్కన అది నిలబడింది, ఇతర కంపెనీలు కూడా తమ టర్న్‌టేబుళ్లకు దాన్నే బిగించుకున్నాయి. బాగా ఆలోచించి చేసిన మామూలు చెయ్యి ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఎల్పీ12 వంటివి స్ప్రింగుల మీద వేలాడుతుంటాయి. బ్రిటన్‌లో చాలా ఇళ్లకు చెక్క నేలలు. మనిషి నడిస్తే నేల ఊగుతుంది, అందుకే స్ప్రింగులూ, గోడకు కొట్టిన బల్లలూ వారికి అవసరం. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా మన నేల షాబాదు బండో, తాండూరు బండో, సిమెంటు మీద గ్రానైటో. నడిస్తే కదలదు. వంటగట్టుకు వేయగా మిగిలిన గ్రానైటు ముక్కను గట్టి బల్ల మీద పెట్టి, దాని మీద ప్లేయరును నీటిమట్టం చూసి సమంగా కూర్చోబెడితే ఆ స్ప్రింగుల పని చాలావరకు మన నేలే చేస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు, రైలు పట్టాల మీద బండ్లు పోతుంటే వచ్చే అదురు సంగతి వేరు, ఆ పక్క ఇళ్లకు బల్ల కాళ్ల కింద రబ్బరు దిమ్మలు అదనంగా కావాలి.

వేగం గురించి కూడా భయం ఎక్కువ, అవసరం తక్కువ. పాత బెల్టు ప్లేయర్లలో ఎక్కువ భాగం మోటార్లు కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి తిరుగుతాయి. 50 హెర్ట్జ్ ఉండాల్సింది 49కి పడితే పాట రెండు శాతం నిదానిస్తుంది, శ్రుతి అరమెట్టులో మూడో వంతు దిగుతుంది. ఇంట్లో హార్మోనియం పెట్టుకుని పద్యంతో పాటు మెట్లు పట్టేవారికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. 1990లలో దక్షిణాది గ్రిడ్ అలా దిగిన రోజులు ఎన్నో. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశం గ్రిడ్‌తో కలిసింది. ఇప్పుడు పౌనఃపున్యం ఎక్కువ సేపు 50 దగ్గరే ఉంటుంది. ఇప్పటి బెడద అది కాదు, కరెంటు పోయినప్పుడు అందుకునే చవక ఇన్వర్టరు. చదరపు అలల కరెంటిచ్చే ఇన్వర్టరు మీద ఆ పాత మోటారు గుర్రుమంటుంది, ఆ అదురు సూదిలోకి ఎక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరుతోనో, క్వార్ట్జ్ గడియారం పట్టి నడిపే మోటారుతోనో ఈ చిక్కు తీరుతుంది. ఇక మంచి డైరెక్ట్ డ్రైవ్ యంత్రాల్లో వేగం వణుకు 0.025 శాతం దాకా తగ్గిందని చెప్పుకుంటారు, అది నిజమే. కానీ రికార్డు మధ్య రంధ్రం ఒక్క మిల్లీమీటరు పక్కకు పడితే లోపలి గాడిలో శ్రుతి చుట్టు చుట్టుకూ దాదాపు 1.7 శాతం పైకీ కిందికీ ఊగుతుంది. వీణ, నాదస్వరం రికార్డుల్లో నిలిపిన స్వరం ఊయలలా ఊగడానికి తరచూ కారణం ఇదే. జపాన్ నకామిచి కంపెనీ 1981లో ఈ దోషాన్ని తానే సరిచేసుకునే యంత్రం తెచ్చింది, అది కోటీశ్వరుల వస్తువుగానే మిగిలిపోయింది. కాబట్టి బెల్టా, డైరెక్టా అన్న తగవుకు నేను పెద్ద విలువ ఇవ్వను.

మన ఇళ్లకు ప్రత్యేకమైన అవసరం ఇంకొకటి ఉంది. పాశ్చాత్య దేశాల్లో 78 చుట్ల లక్క రికార్డులు 1950ల చివరికి దాదాపు ఆగిపోయాయి. కలకత్తా డమ్‌డమ్‌లో హెచ్‌ఎంవీ కర్మాగారం 1960లలో కూడా వాటిని చేస్తూనే ఉంది. అందుకే తెలుగింటి పెట్టెలో రెండు కాలాలు పక్కపక్కన ఉంటాయి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి రంగస్థలం వారి గొంతులూ, ఘంటసాల పాడిన కరుణశ్రీ పద్యాలూ లక్క రికార్డుల మీద ఉంటాయి. ఘంటసాల 1974లో కన్నుమూయడానికి కొద్దికాలం ముందు పాడిన భగవద్గీత, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం, 1980 నాటి శంకరాభరణం ఎల్పీల మీద ఉంటాయి. లక్క రికార్డు గాడి ఎల్పీ గాడికి మూడు నాలుగింతలు వెడల్పు. ఎల్పీ సూది అందులో గోడలను ఆనుకోక అడుగున పడి, మట్టిని తవ్వుకుంటూ పోతుంది. వినిపించేది గరగర, పద్యం దాని వెనక ఎక్కడో. మొన వ్యాసార్ధం 65, 70 మైక్రాన్లున్న సూది పెడితే అదే రికార్డు గొంతు విప్పుతుంది. కాబట్టి మన ఇళ్లకు, కార్ట్రిడ్జ్ బిగించే కొసను, అంటే తలను, విడదీసి మార్చుకునే వీలున్న చెయ్యి కావాలని నా తీర్పు. ఒక తలలో ఎల్పీ సూది, ఇంకో తలలో లక్క రికార్డు సూది. 2019లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200ఎంకే7 వంటి యంత్రం 33, 45, 78 మూడు వేగాలూ ఇస్తుంది, చెయ్యి మధ్యస్థం బరువు, తల మారుతుంది. తల విడిపోయే చోట గట్టిదనం తగ్గుతుందని, తలతో సహా ఒకే పోతగా చెయ్యి తెచ్చిన రేగా పక్షం వారు అంటారు. కొంత తగ్గుతుంది. కానీ ఆ కొంతకూ, తప్పుడు సూదితో పద్యమే పోవడానికీ పోలిక లేదు. ఎల్పీలు మాత్రమే ఉన్న ఇంటికి రేగా రకం చెయ్యిని నేను వద్దనను.

ఇదంతా ఎందుకు, ఫోనులో అన్ని పాటలూ వస్తున్నాయి కదా అన్న ప్రశ్న మిగిలింది. కొలతల్లో సీడీ వంటి డిజిటల్ ధ్వనే మెరుగు. చప్పుడుకూ నిశ్శబ్దానికీ మధ్య తేడా సీడీలో 96 డెసిబెల్స్, మంచి ఎల్పీలో 70 దాకా. అమెరికాలో 2022లో సీడీల కన్నా ఎల్పీలు ఎక్కువ అమ్ముడయ్యాయంటే ఆ కొలత మారిపోయిందని కాదు. కొత్త సినిమా పాటను ఎల్పీ మీద వింటే ఎక్కువ నిజం వినిపిస్తుందని నేను చెప్పను. కానీ పాత రంగస్థల పద్యాలకు మూలం రికార్డే. అవి ఫోనులోకి రావాలంటే ఎవరో ఒకరు ఒకసారి సూది పెట్టి ఎక్కించాలి. ఆ రోజు సూది మొన తప్పినా, బరువు తప్పినా, కోణం తప్పినా ఆ తప్పు శాశ్వతంగా కాపీ అవుతుంది. యూట్యూబులో గరగరలాడే పద్యాల్లో కొన్ని రికార్డు పాతదై కాక, సూది సరిపోక అలా ఉండవచ్చు. అంటే ఫోనులో వినేవారికి కూడా ఎక్కడో ఒక ఇంట్లో సరైన చెయ్యి కావాలి. దోమకొండలోనో, నిజాంసాగర్ ఒడ్డు పల్లెలోనో ఉన్న ఒక పెట్టెలో ఇంకెక్కడా మిగలని రికార్డు ఉండవచ్చు. దాన్ని మోగించే మొదటి మనిషి జాగ్రత్తే దాని భవిష్యత్తు.

అందుకని కొనేవారికి నా మాట ఇది. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద ముక్క పళ్లెం బరువుకు పెట్టకండి. పన్నెండు గ్రాముల దరిదాపుల్లో ఉన్న మధ్యస్థపు చెయ్యి, దానికి లెక్క కుదిరే కార్ట్రిడ్జ్ తీసుకోండి. కోణం చూసే కొలత అట్ట ఒకటి, గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనండి. బిగించడానికి ఒక ఆదివారం పూట మొత్తం కేటాయించండి. రికార్డు తుడవడానికి డిస్టిల్డ్ వాటరు, మెత్తటి బ్రష్షు చాలు. లక్క రికార్డుకు స్పిరిటు తగలనివ్వకండి, లక్క అందులో కరిగిపోతుంది. కొనే ఆలోచన లేనివారికి ఒక్క మనవి. పాత ఇనుప సామాన్ల బండి వచ్చినప్పుడు ఆ పెట్టెను ఎత్తి ఇవ్వకండి. ఎండలు ముదరకముందే దాన్ని అటక మీద నుంచి కిందికి దించి, చల్లటి గదిలో గోడ పక్కన రికార్డులను నిలువుగా పేర్చండి.